మునిసిపాలిటీ మంచం

మునిసిపల్ ఆఫీసులో మెట్ల కింద, మరుగుదొడ్డి గోడకు ఆనుకుని, కిటికీ లేని గది ఒకటుంది. లోపలికెళ్తే బంక వాసన, బయటికొస్తే ఆ రెండో వాసన. ఈ రెండింటి మధ్యా ఇరవై ఆరేళ్లుగా బతుకు వెళ్లదీస్తున్న మనిషిని ఆఫీసంతా బొమ్మలాయన అంటుంది. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది కాబట్టి ఇంకెవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదని అందరికీ ధైర్యం.

అతని పని నమూనాలు చెయ్యడం. ఊళ్లో పేదలకు ఇళ్లు కట్టాలని మునిసిపాలిటీకి ఎప్పుడు బుద్ధి పుట్టినా, ముందు అతను అట్టతో ఆ ఇళ్లు కట్టాలి. అడుగుకు పావంగుళం లెక్క. రంగు వేసిన రంపపు పొట్టు గడ్డి అవుతుంది, అద్దం ముక్క చెరువవుతుంది, గిన్నెలు తోమే పీచు చెట్టవుతుంది. ఆ పీచు చెట్లు మొత్తం పన్నెండు. ఒక నమూనా పాతబడగానే పీకి దాచిపెట్టి, కొత్తదాంట్లో నాటుతాడు. ఆ పన్నెండు చెట్లే ఇప్పటికి తొమ్మిది కాలనీల్లో నీడనిచ్చాయి. తొమ్మిదింటిలో నిజంగా కట్టినవి రెండు. ఆ రెంటిలోనూ చెట్టన్నది లేదు.

పిండి కొద్దీ రొట్టె అంటారు లోకంలో. మునిసిపాలిటీలో రొట్టెల లెక్క ముందు తేలుతుంది. ఈసారి లెక్క నాలుగు వందల ఎనభై. ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పాత ప్రణాళికలో నాలుగు వందలుంది, దానికి నూటికి ఇరవై కలిపారు. ఊళ్లో ఇల్లు లేనివాళ్లెందరు, ఒక్కో ఇంట్లో ఎందరు పడుకుంటారు, ఎవరు ఏ పని చేసుకుంటారు అని గుమ్మం తొక్కి అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అంకె తేలాక స్థలం వెతికారు. చెత్తదిబ్బ పక్కన ఎవడికీ అక్కర్లేని నేల చెక్క ఒకటి దొరికింది. దానికీ రోడ్డు వైపు ముఖం ఉందని తెలియగానే ఆ ముఖం కోసి దుకాణాలకిచ్చారు. మిగిలిన దాన్ని నాలుగు వందల ఎనభైతో భాగించారు. వచ్చిందే ఇల్లు. దానికి ‘అందుబాటు గృహం’ అని పేరు. ఒక గోడ దగ్గర నిలబడి చెయ్యి చాస్తే ఎదురు గోడ అందుతుంది కనక ఆ పేరు న్యాయమైనదే.

ఈ భాగహారం చేసినవాడు ప్లానింగ్ ఆఫీసరు. నున్నటి మనిషి, నున్నటి మాట. నోరు జారి కూడా ‘ఇల్లు’ అనడు, ‘యూనిట్’ అంటాడు. అట్ట నమూనాను వేలితో తాకినా జేబులోంచి శానిటైజర్ సీసా తీసి చేతులు తుడుచుకుంటాడు. అట్టలో ఉన్న పేదరికం కూడా అంటుకుంటుందని భయం కాబోలు.

“ఒక యూనిట్ పైకప్పు ఊడొచ్చేలా చెయ్యవయ్యా. లోపల సామాను కూడా పెట్టు. జనం చూసి ముచ్చటపడాలి” అన్నాడు ఒక ఉదయం.

బొమ్మలాయన చేశాడు. తొమ్మిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఒక మూల పొయ్యి గట్టు, ఇంకో మూల స్నానాల గది, మిగిలినది హాలూ అదే, పడకగదీ అదే. అందులోకి ఆరడుగుల మంచం చేశాడు. అడుగుకు పావంగుళం చొప్పున అంగుళమున్నర. పెట్టి చూస్తే తలుపు తెరుచుకోలేదు. మంచం తిప్పాడు, పొయ్యి గట్టుకు తగిలింది. ఇంకోలా తిప్పితే స్నానాల గది తలుపుకు అడ్డం. ఆ అట్టముక్క పట్టుకుని మేడ మీదికెళ్లాడు.

“తలుపు లోపలికి తెరిస్తే మంచానికి తగుల్తోంది సార్.”

“బయటికి తెరిస్తే?”

“బయట నడవా రెండున్నర అడుగులే సార్. ఎదురింటి తలుపుకి తగుల్తుంది.”

ఆఫీసరు ఒక్క క్షణం ఆలోచించాడు. గది పెంచుతాడేమోనని బొమ్మలాయనకు పిచ్చి ఆశ.

“మంచం తగ్గించు” అన్నాడు ఆఫీసరు.

తగ్గించాడు. అయిదడుగులకు దింపి తెస్తే, “ఇంకా ఇరుగ్గానే కనిపిస్తోంది. ఇంకొంచెం” అన్నాడు. రెండోసారి కోస్తే మంచం సరిగ్గా అంగుళానికి వచ్చింది, అంటే నాలుగడుగులు. వెడల్పూ ఎత్తూ కూడా ఆ మేరకు దించాక గది ఒక్కసారిగా విశాలమైపోయింది. “అదీ! చూడు, ఎంత గాలాడుతోందో” అని ఆఫీసరు సీసా తీసి చేతులు తుడుచుకున్నాడు.

మసిపూసి మారేడుకాయ చెయ్యడం మునిసిపాలిటీకి కొత్త కాదు, బొమ్మలాయనకూ కొత్త కాదు. కట్టిన రెండు కాలనీల్లో మొదటిదానికీ ఇలాంటి మంచమే చేశాడు. అప్పుడు వయసు చిన్నది, అదొక చమత్కారం అనుకున్నాడు. తర్వాత జనం సామాన్లతో ఆ కాలనీలోకి దిగేనాడు, చూద్దామని సరదాగా వెళ్లాడు. గేటు దగ్గర ఒక వడ్రంగి రంపం పట్టుకుని కూర్చున్నాడు. అతని ముందు మంచాల వరస. తాతలనాటి మంచాలు, పెళ్లికి చేయించుకున్న మంచాలు. ఒక్కొక్కటీ తిరగేసి, కాళ్ల వైపు అడుగున్నర కోసి, మళ్లీ కోళ్లు బిగిస్తున్నాడు. ఎవరూ అరవడం లేదు, ఏడవడం లేదు, వరసలో నిలబడి తమ మంచం వంతు కోసం చూస్తున్నారు. “మునిసిపాలిటీ సైజు” అని వడ్రంగి నవ్వాడు. ఆ రంపపు పొట్టు వాసన ఇప్పటికీ ముక్కులోంచి పోలేదు. రోజూ రంగు పూసి గడ్డి చేసేది కూడా రంపపు పొట్టే. ఆనాడు ఎవరికీ ఏమీ చెప్పకుండా తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చేశాడు.

ఈసారి ఆ నాలుగు వందల ఎనభైలోకి తోలదలచినవాళ్లలో అతని అక్క ఉంది.

బస్‌స్టాండు వెనక అరవై గదుల వరస ఇళ్లలో ముప్ఫై ఏళ్లుగా ఉంటోంది ఆవిడ. ఆ చోటు దుకాణాల సముదాయానికి బాగుంటుందని మునిసిపాలిటీ కన్నేసింది. అక్కకు రెండు గదులు. వెనక గదిలో మంచం, మంచంలో మూడేళ్లుగా లేవని అత్త. ముందు గదిలో కుట్టు మిషను, వీధిలోకి తెరిచిన తలుపు. వచ్చేపోయే వాళ్లు గుమ్మంలోనే నిలబడి కొలతలిచ్చి పోతారు. తల్లి పోయినప్పుడు బొమ్మలాయనకు తొమ్మిదేళ్లు. ఆ మిషను చప్పుడు వింటూనే పెరిగాడు, చదివాడు, ఉద్యోగంలో చేరాడు. బావ కాలం చేశాక ఇల్లంతా దాని మీదే నడుస్తోంది. మెడలో టేపు లేకుండా అక్కను చూసినవాళ్లు లేరు.

ప్రజాభిప్రాయ సేకరణ అని సభ ఒకటి పెడతారు. అందులో మూడింట రెండొంతుల మంది సరేనంటే ఇళ్లు ఖాళీ చేయిస్తారు. ఫైలు ఫలానా గడువులోగా పైకి వెళ్లకపోతే మాత్రం నోటీసు దగ్గర్నుంచి అంతా మళ్లీ మొదలు. సభకు ముందు ఆదివారం అక్క కబురు పెట్టింది.

“ఏరా, ఆ ఇళ్ల బొమ్మ నువ్వే చేశావట కదా?”

“ఆఁ.”

“మంచం, మిషను రెండూ పడతాయా? వరసలో ఆడవాళ్లంతా నన్నడుగుతున్నారు. మీ తమ్ముడు చేశాడుగా, ఆయన ఊఁ అంటే మేం సంతకం పెడతాం అంటున్నారు. చెప్పరా, పడతాయా?”

బొమ్మలాయన చెప్పుల వంక చూసుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, పైగా రెండేళ్లలో రిటైరు కావలసినవాడు. “చూడాలక్కా” అన్నాడు. చూసేశాడన్న సంగతి మాత్రం దాచాడు.

తన మీద తనకే రోత పుట్టింది. తప్పు ఆఫీసరు మీదకు నెట్టేద్దామంటే ఆ మంచం కోసిన బ్లేడు తన చేతిలోది.

అక్క అతని వంక కాసేపు చూసింది. జాకెట్టు ముక్క చూసి సరిపోతుందో లేదో చెప్పేసే కళ్లు అవి.

“సరే, నువ్వు చెప్పొద్దులే. నా మిషనొకటి చేసి అందులో పెట్టు. దాని ముందు నన్నూ కూర్చోబెట్టు. వచ్చి నా కళ్లతో నేను చూసుకుంటా. ఇదిగో టేపు, కొలుచుకో” అని మెడలోది తీసి ఇచ్చింది. అతను కొలిచి టేపు తిరిగిచ్చాక, కత్తిరింపుల బుట్టలోంచి తన చీర రంగు గుడ్డ పీలిక కూడా ఒకటి ఇచ్చింది. లోపలి గదిలోంచి అత్త, “నన్ను కూడా చెయ్యమనవే, అందంగా” అని కేకేసింది.

మర్నాడు బొమ్మలాయన మిషను మొదలుపెట్టాడు. బల్ల మూడడుగులు, అంటే ముప్పావంగుళం. మంచాన్ని కుదించినట్టే దీన్నీ కుదిస్తే ఎవరికీ అనుమానం రాదు. అరంగుళం దగ్గర పెన్సిల్ గీత కూడా గీశాడు. బ్లేడు ఆనించాడు గానీ చెయ్యి కదల్లేదు. ఆ గీత చెరిపేసి ముప్పావంగుళానికి కోశాడు. చక్రం, పెడలు, సూది దగ్గర చిన్న గుడ్డముక్క, ఏదీ వదల్లేదు. తీగ వంచి అక్కను చేశాడు. నిలబడితే అయిదడుగులు, అంగుళంపావు. పీలికను చీరగా చుట్టి, మెడలో పసుపు దారం టేపులా వేసి మిషను ముందు కూర్చోబెట్టాడు. ఆ అట్ట గదిలో అబద్ధం కానివి ఆ రెండే. సభ రోజు పొద్దున్నే పైకప్పు మూసేసి నమూనాను హాల్లో పెట్టాడు. ఆఫీసరు కప్పు తీసి చూడలేదు, చేతులు తుడుచుకోవాల్సి వస్తుందని.

సభకు రెండు వందల పన్నెండు మంది వచ్చారు. హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని గుమాస్తా కూర్చున్నాడు. అతని ముందు ఒక నోటుపుస్తకం. సంతకం పెట్టినవాళ్లకు టీ కప్పు చేతికిస్తున్నాడు. వరస ఇళ్లవాళ్లందరికన్నా ముందు అక్క సంతకం పెట్టింది. కమిషనరు గారు వచ్చి, పేదల కళ్లల్లో ఆనందం చూడడమే తన ఆశయమని చెప్పి, ఆ ఆనందం కనిపించే లోపే గడియారం చూసుకున్నాడు. ఆఫీసరు జనాన్ని నమూనా చుట్టూ పిలిచి, “ఇదిగో మీ యూనిట్” అని గుమాస్తా చేత కప్పు తీయించాడు.

మొదట అందరూ ముచ్చటపడ్డారు. పీచు చెట్లు చూసి ఎవరో “ఎంత చల్లగా ఉందో” అన్నారు. తర్వాత ఒకావిడ కిసుక్కున నవ్వింది. “మిషను చూడండే, మంచం పక్కన ఏనుగులా ఉంది!” నిజమే. మంచం కన్నా మిషనే వెడల్పుగా ఉంది. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఆఫీసరు తొంగి చూసి, మొహంలో నున్నదనం కొంచెం చెదరగా, “మావాడు మిషను కాస్త పెద్దది చేశాడమ్మా. ఇవన్నీ అలంకారానికి పెట్టినవి” అన్నాడు.

అక్క నవ్వలేదు. ముందుకొచ్చి వంగి చూసింది. తీగ అక్కను రెండు వేళ్లతో ఎత్తి, మోకాళ్లు సాపు చేసి, ఆ మంచం మీద పడుకోబెట్టింది. తల ఒక చివరకు ఆనించింది. పిక్కల దగ్గర్నుంచి కాళ్లు బయటికొచ్చి పొయ్యి గట్టు మీద పడ్డాయి.

హాల్లో నవ్వు ఆగిపోయింది.

“మా అత్త నాకన్నా పొడుగు. ఆవిణ్ని మడత పెట్టి పడుకోబెట్టాలా బాబూ?” అంది అక్క.

“దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలని పెద్దలు ఊరికే అన్లేదమ్మా” అని ఆఫీసరు చమత్కరించాడు. పక్కన కమిషనరు నవ్వాడు కూడా. అంతమంది ముందు, మంచం పట్టిన ముసలావిడ కాళ్ల మీద జోకు. అది మనిషి నోరేనా అనిపించింది బొమ్మలాయనకు.

అక్క మెడలోంచి టేపు తీసింది. “మిషను పెద్దది చేశాడన్నారు. అది పక్కా కొలత. కావాలంటే మా ఇంటికొచ్చి కొలుచుకోండి. మంచమే తప్పుడు కొలత. ఈ మంచం చేసిందెవరు?”

ఆఫీసరు బొమ్మలాయన వంక చూశాడు. చూపులోనే అంతా ఉంది, రెండేళ్ల ఉద్యోగం, పింఛను, అన్నీ. బొమ్మలాయన గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చాడు.

“నేనేనక్కా. ముందు ఆరడుగులే చేశాను. తలుపు తెరుచుకోలేదు. గది పెంచకుండా మంచం కొయ్యమన్నారు. రెండుసార్లు కోశాను. మంచం, మిషను రెండూ పట్టవక్కా. ఏదో ఒకటే.”

అక్క తీగ బొమ్మను తీసి చేతిసంచిలో వేసుకుని గుమ్మం వైపు నడిచింది. ఆవిడ వెనకే వరస ఇళ్లన్నీ కదిలాయి. తాగని టీ కప్పులు కుర్చీల మీద మిగిలాయి.

ఇక పని అయిపోయిందనుకున్నాడు బొమ్మలాయన. అంతమంది కాదని వెళ్లాక ఇంకేం చేస్తారు? ఇరవై ఆరేళ్లు ఆ మెట్ల కింద కూర్చున్నవాడు అలా అనుకోకూడదు.

మర్నాడు పదకొండింటికి పైనుంచి పిలుపు. కేకలు వేస్తాడనుకుంటే ఆఫీసరు చిరునవ్వుతో ఉన్నాడు. బల్ల మీద సభ నివేదిక ఉంది. బొమ్మలాయన నిలబడే చదివాడు.

‘నమూనాలోని కుట్టు మిషను పరిమాణంపై కొందరు మహిళలు అభ్యంతరం తెలిపారు. సదరు కుట్టు మిషను తొలగించబడినది. అభ్యంతరం పరిష్కరించబడినది.’

“అయిందేదో అయింది. నీ సంగతి తర్వాత చూద్దాం. ముందీ పని కానియ్” అని ఆఫీసరు గుమ్మం దగ్గరి నోటుపుస్తకం, దాంతో పాటు అచ్చు వేసిన సన్నటి కాగితం పట్టీ ఒకటి ముందుకు తోశాడు. పట్టీ మీద ‘కొత్త గృహాలకు తరలడానికి సమ్మతించిన వారి సంతకములు’ అని ఉంది. “మొదటి పేజీ పైన నీటుగా అతికించు. సాయంత్రం అయిదింటికి ఫైలు వెళ్లిపోవాలి. ఇవాళే ఆఖరి రోజు.”

బొమ్మలాయన పుస్తకం తెరిచాడు. మొదటి సంతకం అక్కది. ఏడో తరగతితో ఆగిపోయిన చదువు, ఒక్కో అక్షరం కుట్టు వేసినట్టు పెట్టింది. కింద వరసగా రెండు వందల పదకొండు మంది. టీ తాగడానికి పెట్టిన సంతకాలు. సొంత ఇంటి మీద సంతకం పెట్టి, ఒక కప్పు టీ తీసుకుని, ఆ టీ కూడా తాగకుండా వెళ్లారు.

ఛీ అనుకున్నాడు, పైకి వినపడేట్టుగానే. అన్నింటికన్నా వెగటు పుట్టించింది ఆ పట్టీ కాదు. అలాంటి పట్టీ ఇదివరకు కూడా తను అతికించాడు, ఆ మంచాలు కోయించుకున్న కాలనీకి. ఆఫీసులో బంక ఉన్నవాడు కాబట్టి అతికించే పని ఎప్పుడూ అతనిదే. ఆ పుస్తకం సంగతి ముందే తెలిసి కూడా, అంగుళం మంచం గురించి కుమిలిపోతూ, గుమ్మం దగ్గర సంతకం పెట్టొద్దని అక్కకు ఒక్క ముక్క చెప్పలేదు. మిషను కుట్టి తనను పెంచిన మనిషిని, తన చేతకానితనం ఆ పేజీలో మొదటి వరసలో నిలబెట్టింది.

“ఏమయ్యా, అలా నిలబడ్డావు? అతికించి పట్రా” అన్నాడు ఆఫీసరు.

“అలాగే సార్.”

కిందికొచ్చి గది తలుపు వేసుకున్నాడు. భోజనాల వేళ, ఆఫీసంతా డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు. బంక డబ్బా కొత్తది తెరిచాడు. పెద్ద కుంచె తీసుకున్నాడు. పట్టీ వెనక బంక రాశాడు, మొదటి పేజీ పైన నీటుగా, వంకర లేకుండా అతికించాడు. తర్వాత ఆ పేజీ అంతా బంక పూశాడు. అక్క సంతకం మీద కుంచె ఒక్క క్షణం ఆగింది, మళ్లీ సాగింది. దాని మీద పైఅట్ట మూసి, మూలల దాకా ఒత్తి, రెండో పేజీ తెరిచి దానికీ పూశాడు. మూడో పేజీ, నాలుగో పేజీ. సంతకాలున్నవీ లేనివీ తేడా చూడలేదు. వెనకట్ట దాకా వచ్చాక అంచులకు కూడా ఒక పూత ఇచ్చాడు. పనిలో లోపం ఉంచడం అతనికి అలవాటు లేదు. రెండు పలకల మధ్య పెట్టి మర బిగించి, గంటలు లెక్కపెట్టకుండా ఎదురుగా కూర్చున్నాడు. మధ్యలో అక్క అత్తగారు ఆనాడు అడిగింది గుర్తొచ్చి, తీగ తీసుకుని ముసలావిడ బొమ్మ ఒకటి చేశాడు, కాళ్లు చాపుకుని హాయిగా పడుకున్నట్టు. దాని కింద పెట్టడానికి అంగుళమున్నర మంచం ఒకటి కోశాడు.

అయిదుకు పది నిమిషాలుందనగా మర విప్పి, పుస్తకం పట్టుకుని మేడ ఎక్కాడు. ఫైలు కట్ట కట్టి సిద్ధంగా ఉంది. గుమాస్తా చేతిలో లక్క. ఆఫీసరు పుస్తకం అందుకుని పైఅట్ట ఎత్తబోయాడు. రాలేదు. గోరు పెట్టి లాగాడు. బల్ల అంచుకేసి కొడితే చెక్కను కొట్టిన చప్పుడొచ్చింది. జేబులోని సీసా సంగతి మర్చిపోయి రెండు చేతులతో పట్టుకుని పీకాడు. గోరు విరిగింది గానీ ఒక్క పేజీ కూడా కదల్లేదు.

“ఏంటయ్యా ఇది? ఏం చేశావు?”

బొమ్మలాయన వేళ్ల మీద ఎండిన బంక పొరలు వొలుచుకుంటున్నాడు.

“అతికించమన్నారు కదా సార్, అతికించాను.”